గోడ రంగు ఊలు

పెయింటర్లు ఆమెకి వెనకాల పెట్టుకున్న పేరు పొగమంచు మేడమ్. మొహం మీదే అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు, పైగా మురిసిపోయేది. ఇళ్ళను లోపల తీర్చిదిద్దడం ఆమె వృత్తి. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు అక్కడున్న రంగులు తగ్గించడం ఆమె పద్ధతి. హాల్లో ఎర్ర సోఫా కనబడిందంటే, పక్కన ఎవరో గొంతు చించుకుని మాట్లాడుతున్నట్టు మొహం పెట్టేది.

దానికి స్కాండినేవియన్ పద్ధతి అని పేరు. ఎక్కడో ఉత్తరాన, చలికాలమంతా సూర్యుడు మొక్కుబడిగా వచ్చిపోయే దేశాల్లో, దొరికిన కాస్త వెలుతురూ వృథా కాకుండా గోడలు లేతగా, సామాన్లు తక్కువగా ఉంచుకుంటారట. మీగడ తెలుపు, వోట్స్ రంగు, ఆరిన ఇసుక రంగు, పొగమంచు బూడిద, నీలమో బూడిదో ఎటూ తేల్చుకోలేని ఇంకొకటి. ఇవీ ఆమె రంగులు. ఒకసారి పెయింటరు ఉండబట్టలేక అడిగాడు.

"మేడమ్, ఈ డబ్బాకీ ఆ డబ్బాకీ తేడా మూత మీద పేరొక్కటేనా?"

ఆమె అతన్ని కిటికీ దగ్గరకి లాక్కెళ్ళి, రెండు అట్టముక్కలు ఎండకి అటూ ఇటూ తిప్పి, ఒకదానిలో చల్లదనం ఎలా ఉందో, రెండోదానిలో వెచ్చదనం ఎలా ఉందో ఓపిగ్గా చెప్పింది. అతను అంతా అర్థమైనట్టు తల ఊపాడు. మర్నాడు ఆ రెండు డబ్బాల్లో మిగిలిన రంగు కలిపేసి వంటగది వెనక గోడకి కొట్టాడు. ఆమె వీధి గుమ్మంలోంచే చూసి పట్టేసింది. అంత నిశితమైన కన్ను ఆమెది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సొంతిల్లు కొనుక్కున్నాక ఆమె తన విద్య అంతా దాని మీదే చూపించింది. గోడలు పొగమంచు, తలుపులూ ద్వారబంధాలూ అదే రంగు, నేల లేత చెక్క, బల్ల తెలుపు, కప్పులు తెలుపు, తెరలు ఇంకో రకం తెలుపు. కొత్తగా పని ఇవ్వడానికి వచ్చేవాళ్ళని ఇంటికే పిలిచి చూపించేది. వాళ్ళు గుమ్మం దాటగానే తమకి తెలియకుండానే గొంతు తగ్గించేవాళ్ళు. "ఎంత హాయిగా ఉందండీ" అనేవాళ్ళు. ఆ ఒక్క మాటతో ఆమెకి ఆ పూట భోజనం కూడా అక్కర్లేదు.

ఆ ఇంట్లో ఆమెతో పాటు భర్త, అత్తగారు ఉండేవాళ్ళు. అత్తగారు చాలా ఏళ్ళు ఊలు దుకాణం నడిపిన మనిషి. దుకాణం మూసేశాక మిగిలిన ఊలు ఉండలన్నీ ఒక రేకుపెట్టెలో వేసుకుని కొడుకు దగ్గరకి వచ్చేసింది. ఎరుపు, నెమలి నీలం, నిమ్మపండు పసుపు, చిలకపచ్చ. పెట్టె మూత తెరిస్తే ఆ గదిలో దీపం వేసినట్టుండేది. కోడలు ఆ పెట్టెని ఎంతో మర్యాదగా మంచం కింద పెట్టించింది.

వచ్చిన కొత్తలోనే ఆవిడ కోడలికి ఒక స్వెట్టర్ అల్లి ఇచ్చింది. కొట్టొచ్చినట్టుండే పసుపు రంగు, చేతుల చివర నెమలి నీలం అంచు. కోడలు అత్తగారిని కావలించుకుంది, ఎంత బాగుందో అంది, దాన్ని పల్చటి కాగితంలో చుట్టి బీరువా పై అరలో భద్రంగా దాచేసింది. తను వేసుకునేవన్నీ బూడిద, వోట్స్ రంగులే మరి. కొన్నాళ్ళకి అత్తగారు అడిగింది.

"సైజు సరిపోలేదా తల్లీ?"

"సరిపోయింది అత్తయ్యా. చలి రానీయండి, వేసుకుంటాను."

చలి వచ్చింది, పోయింది. ఆవిడ మళ్ళీ అడగలేదు.

దీన్ని బట్టి ఇద్దరికీ పొసగదనుకుంటే పొరపాటే. పని నుంచి వచ్చీ రాగానే కోడలు సోఫా మూల కాళ్ళు ముడుచుకుని కూర్చునేది, అత్తగారు ఎదురుగా కూర్చుని ఊలు అల్లుతూ ఆ రోజు సంగతులు చెప్పించుకునేది. ఏ ఇంటావిడ ఏమంది, పెయింటరు ఏం వెలగబెట్టాడు, అన్నీ కావాలి ఆవిడకి. కొడుకు మధ్యలో ఏదైనా అనబోతే, "నీకేం తెలుసురా, నువ్వు పేపరు చదువుకో" అని నోరు మూయించేది. మేడ మీది వాళ్ళకీ కింద వాళ్ళకీ "ఇల్లంతా మా కోడలే చేసింది" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కోడలికి కూడా అంతే. అత్తగారు ఇంట్లో లేని సాయంత్రం ఆ సోఫాలో కూర్చోబుద్ధయ్యేది కాదు.

అలాంటి ఇంట్లో ఎక్కడో ఏదో తేడా రావడం మొదలైంది. అత్తగారు టీ పోస్తే సగం కప్పులో, సగం బల్ల మీద. నడుస్తూ నడుస్తూ బల్ల మూల తగిలించుకునేది. స్నానాల గది గడప తట్టుకుని రెండుసార్లు తూలింది. అడిగితే నవ్వేసి, "వయసొచ్చింది కదే" అనేది.

ఇంకో వింత కూడా మొదలైంది. ఇంట్లో అక్కడక్కడా ఎర్ర ఊలు ముక్కలు కనబడసాగాయి. కుళాయికి ఒకటి, తలుపు పిడికి ఒకటి, కుర్చీ వీపుకి ఒకటి, కప్పు చెవికి ఒకటి, అన్నీ చక్కగా ముడివేసి. ఇన్నేళ్ళు ఊలుతో బతికిన చేతులు కదా, ఖాళీగా ఉండలేక ఏదో ఒకటి కడుతున్నాయనుకుంది కోడలు. ఎవరైనా ఇల్లు చూడ్డానికి వచ్చేముందు చిన్న కత్తెర పట్టుకుని ఇల్లంతా తిరిగి, వాటిని కత్తిరించి ఒక గిన్నెలో వేసేది. స్నానాల గది గడప మీద పరిచి ఉన్న చిలకపచ్చ తువ్వాలు మడిచి లోపల పెట్టేసేది. అత్తగారు ఎక్కణ్ణించో తెచ్చుకున్న నారింజ రంగు గ్లాసుని అలమారలో వెనక్కి నెట్టేసేది. పెద్దావిడని నొప్పించడం దేనికని పల్లెత్తు మాట అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు. ఒకరు కట్టడం, ఇంకొకరు కత్తిరించడం, ఇద్దరూ ఏమీ ఎరగనట్టు టీ తాగడం. కొన్నాళ్ళకి ఎర్ర ముక్కలు రావడం ఆగిపోయింది. అమ్మయ్య అనుకుంది కోడలు.

ఆ తర్వాతే వదిన వచ్చింది. వదిన అంటే భర్త అక్క. కాస్త దూరంలో ఉంటుంది, తీరిక దొరికినప్పుడల్లా తల్లిని చూసిపోతుంది. మనసు వెన్న, నోరు మాత్రం రంపం. ఆవిడ వచ్చిన పూట అన్నీ వరసగా జరిగాయి. తల్లి మోకాలి కింద నల్లగా కమిలిన మచ్చ కనబడింది. టీ బల్ల మీద వరదలా పారింది. వాటికంటే పెద్దది మూడోది. కోడలు వంటింట్లో నిలబడి ఉండగా అత్తగారు హాల్లోకి వచ్చి, ఖాళీ సోఫా వైపు చూస్తూ, "తిన్నావా తల్లీ, మొహం అలా పీక్కుపోయిందేం?" అని ఎంతో ప్రేమగా అడిగింది.

సోఫా ఏం చెబుతుంది. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

తమ్ముణ్ణీ మరదలినీ బాల్కనీలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "అమ్మకి మతి తప్పుతోంది. మీకు కనబడడం లేదా? ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు. ఏ రోజో పడి తుంటి విరగ్గొట్టుకుంటుంది. వచ్చే ఆదివారం నేను తీసుకెళ్ళిపోతాను. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటాం."

"కొన్నాళ్ళకా వదినా?" అంది కోడలు.

"కొన్నాళ్ళకి కాదు. ఇంక అక్కడే."

భర్త బాల్కనీ కడ్డీలు లెక్కపెడుతున్నట్టు తల దించుకుని, "అమ్మ ఏమంటే అది" అన్నాడు. అమ్మని అడిగితే ఆవిడ ఊలు పక్కన పెట్టి, "మీకు ఎలా వీలైతే అలా చెయ్యండి" అంది.

ఆ వారమంతా కోడలికి వదిన మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు, ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు మరి. అత్తగారు లేని ఇల్లు ఊహించుకుని చూసింది. ఇల్లు ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. ఆ ప్రశాంతత ఎవరిక్కావాలి.

గురువారం ఆమె కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళింది. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చోవడంతో తలనొప్పి వస్తోంది. పరీక్ష కోసం కళ్ళలో చుక్కలు వేశారు. అద్దాలు మారిస్తే చాలన్నారు. "కొన్ని గంటలు అంతా మసగ్గా ఉంటుంది, తోడు ఎవరినైనా తెచ్చుకున్నారా?" అని నర్సు అడిగితే, "మా ఇల్లే కదా, కళ్ళు మూసుకున్నా తిరగగలను" అని టాక్సీ ఎక్కేసింది.

తలుపు తీసి లోపలికి అడుగుపెట్టేసరికి ఇల్లు లేదు. గోడ లేదు, ద్వారబంధం లేదు, బల్ల లేదు. మధ్యాహ్నపు ఎండ తెల్ల తెరల్లోంచి వచ్చి అంతా పాలలా ఒకటి చేసేసింది. రెండడుగులు వేసిందో లేదో బల్ల మూల మోకాలి కింద ఠంగుమని తగిలింది. కుర్చీ అనుకుని కూర్చోబోతే కుర్చీ చెయ్యి మీద పడింది. మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. బల్ల అక్కడ లేదు. గ్లాసు భళ్ళున పగిలింది.

గాజుపెంకులు తొక్కకుండా గోడ పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరకి చేరింది. మొహం కడుక్కుందామని కుళాయి కోసం తడుముతుంటే, పిడి వెనకాల వేలికి ఏదో మెత్తగా తగిలింది. చిన్న ముడి. ఎంత కళ్ళు చిట్లించినా ఏమీ కనబడలేదు. వేళ్ళకి మాత్రం తెలిసింది, అది ఊలు.

ఆమె చెయ్యి అక్కణ్ణించి తలుపు పిడికి వెళ్ళింది. దాని వెనకాలా ఒక ముడి. బల్ల అంచు కింద చెయ్యి పెట్టింది. మూలకి ముందుగా, సరిగ్గా చెయ్యి ఆనే చోట, ఇంకోటి. కుర్చీ వీపుకి వెనకవైపు. స్విచ్‌బోర్డు పక్కన మేకుకి. రెండు డబ్బాల తేడాని గుమ్మంలోంచి పట్టే కన్ను, ఇన్నాళ్ళూ తనింట్లో ఉన్న ఈ ముడుల్లో ఒక్కదాన్నీ పట్టలేదు. కోడలు తిరిగి వాష్‌బేసిన్ దగ్గరకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

అప్పుడే అత్తగారు పక్కింటి నుంచి వచ్చింది. గుమ్మంలో కోడలి చెప్పులు కాలికి తగిలినట్టున్నాయి, సోఫా వైపు తిరిగి, "ఏంటి తల్లీ, తొందరగా వచ్చేశావు? కళ్ళ డాక్టరు ఏమన్నాడు?" అంది.

సోఫా ఖాళీగానే ఉంది. ఆ మసకలో కోడలికి మొదటిసారి సరిగ్గా కనబడింది. ఆవిడ సోఫాతో మాట్లాడడం లేదు. రోజూ కోడలు కూర్చునే చోటు అది. ఆ బూడిద సోఫాలో, బూడిద బట్టల్లో, మనిషి ఉందో లేదో ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఉంటే జవాబొస్తుందని ప్రతిసారీ పలకరించి చూసుకుంటోంది.

"అత్తయ్యా, నేను ఇక్కడున్నాను. వాష్‌బేసిన్ దగ్గర."

"అక్కడా," అని ఆవిడ నవ్వింది. "గోడనుకున్నాను."

"లోపలికి రావద్దు, కింద గాజుముక్కలున్నాయి. అత్తయ్యా, ఈ ముడులు ఏంటి?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "కనబడ్డాయా?" అంది, తప్పు చేసి దొరికిపోయినట్టు. "గోడ రంగే తీసుకున్నానే. పక్కింటావిడ చేత కొనిపించి, మన గోడ పక్కన పెట్టించి, సరిగ్గా కలిసింది అన్నాకే కట్టాను."

"ఇదివరకు ఎర్రవి కట్టేవారు కదా."

"అవి బాగాలేవు కదమ్మా. నువ్వు ఎప్పటికప్పుడు తీసేసేదానివి. నలుగురూ వచ్చి చూసే ఇల్లు, నీ పని పాడవదూ?"

కోడలు కుళాయి ముడి మళ్ళీ తడిమి అడిగింది. "మరి ఈ బూడిద రంగు మీకు కనబడుతుందా?"

"కనబడదు."

"మరి?"

"నీకు కనబడకూడదనే కదా తల్లీ అది కట్టింది. నాకు చేతికి తగిలితే చాలు."

కోడలు ఉన్నచోటే కింద కూలబడి ఏడ్చింది. అత్తగారు గాజుముక్కలున్నాయన్న మాట పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, గోడ తడుముకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తల నిమురుదామని చెయ్యి చాపితే మొదట చెవి దొరికింది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? రోజూ ఎదురుగానే కూర్చుంటాను కదా."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? మర్నాడే ఇల్లంతా మార్చిపారేస్తావు. ఎంత ముచ్చటపడి చేసుకున్నావో నేను చూడలేదూ? పైగా మీ వదిన చెవిన పడితే ఆ సాయంత్రమే నా పెట్టె సర్దేస్తుంది." ఆవిడ కోడలి జుట్టు సవరించింది. "నాకు ఇక్కడే బాగుంటుందే. ఈ ఇల్లు కనబడకపోయినా నాకిష్టం."

"వదిన మతి తప్పిందంటుంటే కూడా నోరు విప్పలేదు మీరు."

"మతి పోయిందని చెప్పుకోవడం మీ వదినకి తేలిక. కళ్ళు పోతున్నాయని చెప్పుకోవడం నాకు కష్టం," అంది ఆవిడ.

శుక్రవారం కోడలు పనులన్నీ మానేసి అత్తగారిని అదే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది. కంటి వెనక పొర అరిగిపోతోందన్నాడు ఆయన. పోయింది తిరిగి రాదు, మందులు వాడితే ఉన్నది నిలుస్తుంది. మతికి ఏ లోటూ లేదు, నాకంటే చురుగ్గా ఉన్నారు అన్నాడు. లేత రంగు మీద లేత రంగు ఆవిడకి తేలదు, ముదురు అంచు ఉంటే చక్కగా తెలుస్తుంది అని కూడా అన్నాడు. ఆ మాట విన్న కోడలి మొహం చూసి, ఆమెకి కూడా ఏదో జబ్బనుకున్నాడు పాపం.

శనివారం పొద్దున్నే పెయింటరు వచ్చాడు.

"మేడమ్, ఫోన్లో ముదురు నీలం అన్నది మీరేనా? మీ ఫోను ఎవరైనా కొట్టేశారేమోనని భయపడ్డాను."

"నేనే. రంగులు ఎంచేది మాత్రం నేను కాదు."

గోడ ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. కోడలు రంగు అట్టముక్కలు ఒక్కొక్కటీ గోడకి ఆనించి, "ఇది తెలుస్తోందా అత్తయ్యా? ఇది?" అని అడుగుతూ పోయింది. తనకి ప్రాణమైన రంగులు ఒకటి తర్వాత ఒకటి "ఏదీ, పెట్టావా?" అన్న మాటతో పక్కకి పోయాయి. చివరికి, తను జన్మలో ఎవరికీ చూపించని ఒక ముదురు నీలం దగ్గర ఆవిడ చటుక్కున వేలు చూపించింది. గోడలు ఎలా ఉన్నవి అలాగే ఉండాలని ఆవిడే పట్టుబట్టింది. ద్వారబంధాలూ, బల్ల అంచులూ, గడపా మాత్రం నీలమయ్యాయి. నారింజ గ్లాసు అలమారలో ముందుకొచ్చింది. తెల్ల కప్పుల్లో రెండు పక్కకి పోయి ఎర్రవి రెండు వచ్చాయి. కత్తిరించిన ఎర్ర ఊలు ముక్కలు గిన్నెలో ఉన్నాయి కానీ, మళ్ళీ కట్టడానికి పొడుగు చాలలేదు. కోడలు మంచం కింద రేకుపెట్టె లాగి, కొత్త ఎర్ర ఉండ తీసి, అత్తగారు చెప్పిన చోటల్లా తనే కట్టింది. ముడులు వంకరగా వచ్చాయి.

ఆ నీలం మొదట ఆమె కంటికి గట్టిగా కసిరినట్టే అనిపించింది. సాయంత్రానికి, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది.

ఆదివారం వదిన పెద్ద ఖాళీ సంచీ పట్టుకుని వచ్చింది. కోడలూ భర్తా డాక్టరు చెప్పిందంతా చెప్పారు. వదిన నీలం ద్వారబంధాలు చూసింది, ఎర్ర కప్పులు చూసింది, సంచీ మాత్రం చేతిలోంచి దించలేదు.

"కళ్ళే అనుకో. తలుపులకి రంగేస్తే సరిపోతుందా? మనిషికీ సోఫాకీ తేడా తెలియని అమ్మని మీ చేతుల్లో ఎలా వదిలిపెట్టను?"

అత్తగారు లోపల గదిలో చీర మార్చుకుంటోంది. సర్దిన రేకుపెట్టె మంచం పక్కనే ఉంది. కోడలు దాన్ని చూసి, "ఉండండి వదినా" అని పడగ్గదిలోకి వెళ్ళింది. బీరువా పై అర దాకా చెయ్యి చాపి కాగితం చుట్ట లాగింది. తిరిగొచ్చేసరికి ఒంటి మీద పసుపు స్వెట్టర్ ఉంది, చేతుల చివర నెమలి నీలం అంచుతో.

"ఈ ఎండలోనా?" అన్నాడు భర్త.

"మీరు పేపరు చదువుకోండి" అంది.

వెళ్ళి, ఎప్పుడూ కూర్చునే సోఫాలో కాకుండా, హాలుకి ఆ చివర కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఎవరూ మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టింది.

అత్తగారు గదిలోంచి వచ్చింది. నీలం ద్వారబంధం మీద చెయ్యి వేసి ఆగింది. అలవాటుగా సోఫా వైపు మొహం తిప్పి, పలకరించబోయి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉంది. మెల్లగా తల కిటికీ వైపు తిరిగింది.

ఆ మొహంలోకి వచ్చిన వెలుగు వదిన కూడా చూసింది. అత్తగారు ఏదీ తడమలేదు. బల్ల అంచు చూసి చుట్టూ తిరిగింది, కుర్చీ పక్కనుంచి వచ్చింది, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి కోడలి ముందు నిలబడి, రెండు భుజాల మీదా చేతులు వేసింది.

"సైజు సరిపోయిందే," అంది.

వెనకాల వదిన సంచీని చిన్నగా మడిచి, ఇంకా చిన్నగా మడిచి, హ్యాండ్‌బ్యాగులో కుక్కేసింది. ముక్కు చీదుకుని, "ఈ ఇంట్లో టీ ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"నేను పెడతాను ఉండు," అంది తల్లి, కానీ కదల్లేదు. వేళ్ళతో స్వెట్టర్ అంచు కొలుచుకుంటోంది. "చేతులు కాస్త పొడుగయ్యాయి తల్లీ. విప్పి ఇవ్వు, సరిచేస్తాను."

"ఇప్పుడు కాదు అత్తయ్యా," అంది కోడలు, చెమటలు కారిపోతుంటే.